శివారు కదా, ఇంతే అన్నాను

ఈ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేకపోవడం ఒక కారణం. ఉన్న ఒక్క మనిషికీ చెప్పకూడని సంగతే ఇది కావడం రెండో కారణం. గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగి దింపేసుకోవచ్చు. ఇది అలా దిగలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. విన్నాక నన్ను ఏమనుకున్నా సరే.

నేను బందరులో ఒక మేడమీది వాటాలో ఒంటరిగా ఉంటాను. ఒక ఆఫీసులో గుమాస్తాని. పెళ్ళి కుదరలేదు. కుదరలేదు అనడం కంటే, అమ్మ పోయాక కుదిర్చేవాళ్ళు లేకపోయారు అనడం నిజం. సాయంత్రం ఇంటికి రాగానే తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాను. ఆటలాడతాను. నవ్వకండి. నలభై దాటిన గుమాస్తా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎక్కడెక్కడి కుర్రాళ్ళతోనో జట్టు కట్టి తుపాకులు పేలుస్తుంటే ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కింద వాటా ఆవిడ నేనేదో హైదరాబాదు కంపెనీకి గుట్టుగా పనిచేసి రెండో జీతం తీసుకుంటున్నానని నమ్మేది. నేను కాదనలేదు. దాని గురించి కాదు నేను చెప్పబోయేది.

ఆడటం కంటే నాకు ఇష్టమైన పని ఇంకొకటి ఉంది. కంప్యూటర్‌కి భాగాలు ఎంచడం. పెళ్ళి సంబంధాలు చూసినంత ఓపిగ్గా చూస్తాను. తెర మీద బొమ్మల్ని నడిపించే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటీ గొప్పదైతే చాలదు, ప్రాసెసర్ దానికి దీటుగా ఉండాలి. మెమరీ ఒక్క ముక్కగా కాకుండా రెండుగా వేస్తే మేలు. లోపలి భాగాలకు కరెంటు పంచే పెట్టె దగ్గర పీనాసితనం చేస్తే అది మిగతా అన్నిటినీ ముంచేస్తుంది. వైఫై కంటే తీగ నయం. రొయ్యల చెరువుల మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగే ఊళ్ళలో అయితే, మంచి యూపీఎస్ లేకుండా అసలు ఏదీ కొనకూడదు. అడిగేవాళ్ళుంటే పూటంతా చెబుతాను. అడిగేవాళ్ళే లేరు. ఒక్కడు అడిగాడు.

అతని పేరు రాయను. దివిసీమలో ఊరూ పేరూ చెబితే ఎవరో ఒకరు పట్టేస్తారు. ఆటలో అందరూ పులి, యముడు అని భయంకరమైన పేర్లు పెట్టుకుంటే అతను మాత్రం బొమ్మిడాయి అని పెట్టుకున్నాడు. ఆ చేపలాగే ఎవరి చేతికీ దొరికేవాడు కాదు. అవనిగడ్డలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి వచ్చి ఆడేవాడు. వాళ్ళ ఊరు నాగాయలంక కూడా దాటి సముద్రం వైపు ఉంటుంది. పగలు ఎవరివో రొయ్యల చెరువులు చూసుకునేవాడు, సాయంత్రం బండి మీద అంత దూరం వచ్చి ఆడి వెళ్ళేవాడు. మేమిద్దరం ఒకే జట్టు. మొదటి వారంలోనే నన్ను బావా అన్నాడు. మా కులాలు వేరు, మతాలు వేరు, వయసులో నాకంటే బాగా చిన్నవాడు. అయినా బావా అన్నాడు. మా వైపు కుర్రాళ్ళు అందరినీ అలాగే అంటారని నాకు తెలుసు. తెలిసి కూడా సంతోషపడ్డాను. అమ్మ పోయాక నన్ను వరస పెట్టి పిలిచిన గొంతు అదొక్కటే.

ఏం మాట్లాడుకునేవాళ్ళం? ఏమీ లేదు. తిన్నావా బావా, ఏం కూర బావా, వెనకాల ఒకడున్నాడు చూసుకో బావా. అంతే. ఆ ‘అంతే’ కోసం నేను ఆఫీసు నుంచి పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చేవాణ్ణి.

అప్పుడు బెజవాడ జట్టు ఒకటి అతని ఆట చూసింది. పోటీలకు వెళ్ళే జట్టు, నెలనెలా జీతం కూడా ఇస్తామన్నారు. కాకపోతే ఇంటర్నెట్ సెంటర్లో కుదరదు, ఇంట్లో సొంత కంప్యూటర్ ఉండాలి, రోజూ సాయంత్రం వాళ్ళతోనే సాధన చెయ్యాలి, ముందు ఒక పరీక్ష మ్యాచ్ ఆడి చూపించాలి. అతను ఆ కబురు ముందు నాకే చెప్పాడు. ఆ చెరువుల గట్ల మీంచి బయటపడే దారి అతనికి అదొక్కటే కనిపించింది. నేను శభాష్ అన్నాను. అంటూనే ఒక మాట నాలో నేను అనుకున్నాను. రోజూ సాయంత్రం వాళ్ళతోనే.

కంప్యూటర్ ఎంచిపెట్టమన్నాడు. ఎంచాను. ఇక్కడ మాత్రం నేను ఏ మోసమూ చెయ్యలేదు, నమ్మండి. ఆ డబ్బుకి అంతకంటే మంచి కంప్యూటర్ ఎవరూ ఎంచలేరు. ఏ భాగం ఎందుకో విడమరిచి చెప్పాను. యూపీఎస్ దగ్గర బేరమాడొద్దన్నాను. బెజవాడ కొట్లో బిగించి ఇస్తే, అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళాడు. ఇంటికి నెట్టు లైను పెట్టించుకుని, తీగలు తనే తగిలించుకున్నాడు.

ఆట ఆగి ఆగి నడిచింది. అడుగు వేస్తే ఒక క్షణం శిలావిగ్రహం, మళ్ళీ అడుగు. పాత ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటరే నయమనిపించింది. అదీ ఇదీ చేసి చూడమని ఫోన్లో చెప్పాను. ఏదీ ఫలించలేదు. పరీక్ష మ్యాచ్ దగ్గరపడుతోంది. ఒక్కసారి వచ్చి చూడు బావా అని బతిమాలాడు. ఆదివారం బస్సెక్కాను.

మోపిదేవిలో గుడికి వెళ్ళేవాళ్ళంతా దిగిపోయారు. బస్సు సగం ఖాళీ అయింది. కిటికీ పక్కన కూర్చుని నేనేం ఆలోచించాను? ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న దగ్గరే తచ్చాడుతున్నాను. ఆ కంప్యూటర్ బాగుపడాలని కోరుకుంటూ వెళ్ళానా? కోరుకుంటూ వెళ్ళాననే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నా చేతుల్లో లేని కారణమేదైనా అయితే బాగుండునని కోరుకుంటూ వెళ్ళాను. నేను చెయ్యగలిగిందంతా చేసినట్టూ ఉండాలి, అతను వెళ్ళిపోకుండానూ ఉండాలి.

వాళ్ళమ్మగారు రొయ్యలు గోంగూర వేసి వండారు. వాళ్ళింట్లో నేను ఎంతో పెద్ద ఇంజనీరునన్నట్టు ఎదురు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అన్నం తిన్నాక కంప్యూటర్ బల్ల వెనక్కి వంగి చూశాను.

కనిపించేసింది. వెతకనే అక్కర్లేదు. మానిటర్ నుంచి వచ్చే కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి. అతను దానికి పైన, మదర్‌బోర్డుకి ఉన్న అలాంటి రంధ్రంలోనే పెట్టాడు. అక్కడ పెట్టినా బొమ్మ వస్తుంది, అందుకే తెలియదు. కానీ అంత మంచి కార్డూ పని లేకుండా కూర్చుంటుంది, ప్రాసెసర్లో ఉండే చిన్న గ్రాఫిక్సే మొత్తం ఆటని ఈడ్చుకు రావాలి. కొత్తవాళ్ళు అందరూ చేసే పొరపాటే. పీకి కింద ఉన్న కార్డుకి పెడితే చాలు. పీకి కింద పెట్టేందుకు నా చెయ్యి అక్కడే ఉంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏవైంది బావా, ఏవన్నా కనపడిందా?" అన్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి బావా. మిషన్ తప్పు కాదు ఇది."

"మరేంటంటావ్?"

"నెట్టు. మీది శివారు కదా. లైను ఇక్కడిదాకా వచ్చేసరికి పల్చబడిపోద్ది. ఇంతే."

ఇలాంటి అబద్ధం ఇంకెక్కడా చెల్లదు. ఏ పట్నంలో కుర్రాడైనా అదేంటని అడుగుతాడు, పక్కవాడికి ఎలా వస్తోందని అడుగుతాడు, కనీసం నెట్టు వేగం కొలిచి చూపించమంటాడు. ఆట ఆగడానికి నెట్టు ఒక కారణం, మిషను ఒక కారణం, తెలియనివాడి కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, నిజమే. కానీ అతను నమ్మింది తెలియకపోవడం వల్ల కాదు. వాళ్ళకి ఉన్న కాస్త పొలమూ కాలవ చివరన ఉంటుంది. పైవాళ్ళు తడుపుకున్నాక మిగిలితే నీళ్ళు వస్తాయి, లేకపోతే నారు ఎండిపోతుంది. పుట్టినప్పటి నుంచీ అది చూసినవాడు, చివరిదాకా ఏదీ రాదంటే ఎందుకు అనుమానిస్తాడు?

"అంతేలే బావా. కాలవ నీళ్ళే మాదాకా రావు, ఇదొస్తదా?" అన్నాడు. అని నవ్వాడు. నేను అంత దూరం వచ్చి చూసినందుకు సంతోషం అన్నాడు. వాళ్ళమ్మగారు ఎండు రొయ్యలు పొట్లం కట్టి ఇచ్చారు. తీసుకున్నాను. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

పరీక్ష మ్యాచ్ రోజు నన్ను చూస్తూ ఉండమన్నాడు, ధైర్యంగా ఉంటుందట. నేను బందరులో నా కుర్చీలో కూర్చుని చూశాను. ఎదుటివాడు వస్తున్నాడని అతనికి అందరికంటే ముందే తెలిసిపోయేది. తిరగబోయేవాడు. తెర ఆగిపోయేది. మళ్ళీ కదిలేసరికి చచ్చి పడి ఉండేవాడు. బెజవాడ కుర్రాళ్ళు మొదట ఊరుకున్నారు, తర్వాత నవ్వారు. అతను సారీ అండీ, సారీ అండీ అంటూ ఆడాడు. అప్పుడైనా ఫోన్ చేసి ఆ కేబుల్ కింది రంధ్రంలో పెట్టు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఫోన్ నా పక్కనే ఉంది. ఎందుకు చెయ్యలేదు? అప్పటికి చెబితే ఆదివారం ఎందుకు చెప్పలేదని అడుగుతాడని భయం. మొదటి తప్పు అతన్ని పోగొట్టుకోకూడదని చేశాను, రెండోది నా పరువు పోకూడదని చేశాను. ఇందులో ఏది ఎక్కువ నీచమో నాకు తేలలేదు.

వాళ్ళు అతన్ని తీసుకోలేదు.

నేను కోరుకున్నట్టే అతను నాతో ఉండిపోయాడు. కొన్నాళ్ళు. కానీ ఆగి ఆగి నడిచే ఆట ఎవడికి ఇష్టం? రోజూ వచ్చేవాడు రోజు మార్చి రోజు వచ్చాడు. తర్వాత ఆదివారాలు వచ్చాడు. ఆఖరికి కంప్యూటర్ అమ్మేస్తున్నాను బావా అని చెప్పి మానేశాడు. అతన్ని నాకోసం అట్టిపెట్టుకోవాలని చేసిన పనితోనే అతన్ని పోగొట్టుకున్నాను. ఇంత తెలివితక్కువ పని చేసినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక్కడితో అయిపోతే బహుశా ఇది రాసేవాణ్ణి కాదు. ఆ కంప్యూటర్‌ని సముద్రం ఒడ్డునే ఉండే ఒకాయన తన పిల్లల కోసం కొన్నాడు. అంటే అతని ఊరికంటే ఇంకా చివరికి, అదే లైను మీద ఇంకా కిందికి వెళ్ళింది. ఏదైనా సందేహం వస్తే అడగమని బొమ్మిడాయే నా నంబరు ఇచ్చాడట. ఆయన ఒకరోజు ఫోన్ చేశాడు. ఏదో చిన్న సందేహం. మాటల్లో మాటగా, మిషన్ బ్రహ్మాండంగా ఉందండీ, పిల్లలు ఎంత ఆడినా ఎక్కడా ఆగట్లేదు, ఇంత మంచిది ఆ అబ్బాయి ఎందుకమ్మేశాడండీ అన్నాడు. వాళ్ళు తీగలు సరిగ్గా పెట్టుకున్నారు. అంతే కదా. నేనేమన్నానో తెలుసా? ఆ మాట అతనితో అనకండి, బాధపడతాడు అన్నాను. ఎంత మంచివారండీ మీరు అన్నాడాయన.



ఆ తర్వాత మా మధ్య మిగిలింది క్రిస్మస్‌కి ఒక ఫోను, ఉగాదికి ఒక ఫోను. అతనికి పెళ్ళయింది. ఇప్పటికీ ఆ చెరువుల మీదే ఉన్నాడు. నేను ఇప్పటికీ ఆడుతున్నాను. ఇప్పుడు జట్టులో ఉన్నవాళ్ళు నన్ను బ్రో అంటారు. ఆట అవగానే ఎవరికి వాళ్ళు మాయమవుతారు. ఏం కూర అని అడిగేవాళ్ళు లేరు. ఒక్కోసారి కూర వండటమే మానేస్తాను.

మొన్న అతనే ఫోన్ చేశాడు. వాళ్ళక్క కూతురు ఇంటర్ అయిందట, ఇంట్లోనే కంప్యూటర్ మీద బొమ్మల పని నేర్చుకుంటుందట, ఆటలు కూడా బాగా ఆడుతుందట, గట్టి కంప్యూటర్ కావాలని గోల పెడుతోందట. అతను వద్దన్నాడు. మనది శివారు, ఇక్కడ అన్నీ ఆగి ఆగి నడుస్తాయి, ఆశ పెట్టుకోకు అని ఆ పిల్లకి నచ్చచెప్పాడట. తను ఒకసారి చూసినవాడు కదా. అయినా పిల్ల వినకపోతే, పోనీ బావని అడుగుదామని చేశాడు.

నా అబద్ధం ఆ ఇంట్లో ఇంకా బతికే ఉంది. ఇప్పుడు దాన్ని పిల్లకి కూడా నేర్పుతున్నారు. అప్పుడే నిజం చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. తెరిస్తే వచ్చింది ఇంకో అబద్ధం. ఇప్పుడు లైన్లు మారిపోయాయి బావా, ఈమధ్యే బాగుచేశారు, ఇక ఆగదు, ధైర్యంగా కొనిపెట్టు, భాగాలు నేను ఎంచుతాను అన్నాను. ఆ పిల్లకి కంప్యూటర్ రావాలి, నా తప్పు బయటపడకూడదు. రెండూ కుదిర్చాను. గుమాస్తా బుద్ధి.

అతను ఎంత సంతోషించాడో చెప్పలేను. నిజంగానా బావా, నిజంగానా అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. పిల్లని కేకేసి చెప్పాడు. పిల్ల అరిచిన అరుపు నాకు వినపడింది. తర్వాత మెల్లగా అన్నాడు.

"దాని అదృష్టం బావా. మన టైంకి లేకపోయింది."

ఉంది. అతని టైంకి కూడా ఉంది. అదే ఊరికి, అదే లైను మీద, ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా పూర్తిగా ఉంది. లేదన్నది నేను. ఈ మాట అతనితో అనలేకపోయాను, అంటానో లేదో కూడా తెలియదు. మీతో అన్నాను. ఇన్నేళ్ళలో ఈ నిజం నా నోటి నుంచి బయటికి రావడం ఇదే మొదటిసారి.