మా ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు

మా చిన్నప్పుడు మామ్మ మమ్మల్ని సముద్రం ఒడ్డున నిలబెట్టి, నీళ్ళ వైపు చెయ్యి చాపి ఊరు చూపించేది...

"అదిగో, అక్కడ సూరమ్మగారి చుట్టిల్లు... ఆ పక్కన కొబ్బరికాయల కొట్టు... ఎదురుగుండా బడి... బడి దాటితే మనిల్లు."

మాకు కెరటాలు తప్ప ఏమీ కనిపించేవి కావు. మామ్మంటే మా నాన్నగారి అమ్మ. కాకినాడ దాటాక సముద్రం పక్కనే వాళ్ళ ఊరు. ఏటా కొంచెం కొంచెంగా సముద్రం ఊరిని కోసుకుపోతూ ఉండేది. మేం పుట్టేనాటికే పాత వీధి మొత్తం నీళ్ళలో కలిసిపోయింది. మామ్మ వెనక్కి జరిగి చిన్న పెంకుటింట్లో ఉండేది.

పొద్దున్నే చేపలకని తట్ట పట్టుకుని బయలుదేరేది. సెలవులకి వచ్చిన పిల్లలందరం ఆవిడ వెనకాలే... నాకప్పుడు ఎనిమిదేళ్ళు. "అయితే మామ్మా, ఇప్పుడా బడికి చేపలు వెళ్తున్నాయా?" అన్నాను. అందరం పడీ పడీ నవ్వాం. మామ్మ కూడా నవ్వింది.

"ఇంక పదండి, ఎండెక్కుతోంది" అని ఇంటి దారి పట్టింది. ఎప్పుడు చెప్పినా మనిల్లు దగ్గరే ఆపేసేది. ఆ ఇంట్లో ఎవరెవరు ఉండేవారో మేం ఎప్పుడూ అడగలేదు...

ఇప్పుడు నేనుండేది జర్మనీలో, కార్ల్స్‌రూహెలో. ఆఫీసులో నా పక్క సీటు ఓవెన్‌ది. వేల్స్‌లో సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊరు అతనిది. ఉర్లాబ్, అంటే సెలవు, దొరికితే చాలు, అందరూ ఎండ ఉన్న చోటికి పోతే, ఇతను సొంతూరెళ్ళి సమాధుల మీద పేర్లు రాసుకుంటాడు, చర్చిలో పుట్టుకలూ చావులూ రాసిన పుస్తకాలు తిరగేస్తాడు. ఒకరోజు భోజనాల దగ్గర వాళ్ళ ముత్తాత తమ్ముడి పేరు చూపించాడు. ఓడలో పనికెళ్ళి మునిగిపోయాడట. పందొమ్మిదేళ్ళట.

"మీ నాన్న వాళ్ళమ్మకి అమ్మ పేరేంటి?" అని అడిగాడు.

నాకు తెలియదు...

"మీ ఊళ్ళో ఎక్కడా రాసి ఉండదా?"

"ఊరే లేదు ఓవెన్. సముద్రంలో కలిసిపోయింది."

"తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉంటే ఈ వారమే అడుగు. మా అమ్మని అడగడంలో నేను ఆలస్యం చేశాను" అన్నాడు.

మామ్మ ఎప్పుడో పోయింది. నాన్న పోయి నాలుగేళ్ళు. మిగిలింది పెద్దత్త ఒక్కతే, నాన్న వాళ్ళక్క. కాకినాడలో కూతురి దగ్గర ఉండేది. ఆదివారం ఇక్కడ షాపులన్నీ మూసేసి, వీధంతా నిశ్శబ్దంగా ఉంటుంది. పొద్దున పదింటికి నేను నోటుబుక్కు పట్టుకుని వీడియో కాల్ చేసేసరికి, అక్కడ అత్త భోంచేసి కూర్చునేది.

రెండు ఆదివారాలు ఊళ్ళో పాత వీధంతా ఇల్లిల్లూ చెప్పింది. ఎవరి దొడ్లో ఏ చెట్టుండేదో కూడా. మూడో ఆదివారం, "మనింట్లో ఎవరెవరుండేవారత్తా?" అన్నాను.

"అమ్మ, మా నాన్న, నేను, ఏడాది పిల్లాడు మీ నాన్న..." అని ఆగింది. చాలాసేపు ఆగింది. లైను పోయిందేమో అనుకున్నాను.

"వరాలు" అంది.

"వరాలెవరత్తా?"

"నా చెల్లెలే బుజ్జీ. వరలక్ష్మి. దానికి అయిదేళ్ళు, నాకు పదేళ్ళు. ఉప్పెనొచ్చిన రోజు మా నాన్న ఊళ్ళో లేడు. అమ్మ మీ నాన్నని ఎత్తుకుని, దాన్ని నా చేతికిచ్చింది. బడి మేడ మీదకి పోదామని బయల్దేరేం. నీళ్ళు నా నడుం దాకా వచ్చేసేయి... చెయ్యి జారిపోయిందే. గట్టిగానే పట్టుకున్నాను. ఒట్టు, గట్టిగానే పట్టుకున్నాను."

పెన్ను పక్కన పెట్టేశాను.

"అమ్మ నన్ను ఒక్క మాటనలేదు. నేను ఏడుస్తానని ఆ పేరే ఇంట్లో ఎత్తనివ్వలేదు. తిట్టినా బాగుండేదే..."

"నాన్నకి తెలుసా అత్తా?"

"తెలీదు. ఎవరు చెప్తారు?"

నాన్న దాదాపు డెబ్భై ఏళ్ళు బతికి, తనకి ఇంకో అక్క ఉండేదని తెలియకుండానే వెళ్ళిపోయాడు. మామ్మ ఆ ఒడ్డున ఎక్కడ ఆగిపోయేదో, ఎందుకు ఆగిపోయేదో అప్పటికి అర్థమైంది నాకు. బడికి చేపలు వెళ్తున్నాయా అని అడిగింది నేనే...

తర్వాతి ఆదివారం అత్త ఫోన్ దగ్గరికి రానందట. అడిగి తప్పు చేశానేమో అని వారమంతా కుమిలిపోయాను. ఆ పై వారం తనే చేసింది.

"రాసేవా?"

"రాశానత్తా."

"కుడి చెవి కింద పుట్టుమచ్చ ఉండేది. అదీ రాసుకో."

అప్పట్నుంచి వారానికి ఒక్కో సంగతి... తాటిబెల్లం అంటే ప్రాణమట. కోడిపుంజంటే భయమట. చద్దన్నం అక్క కలిపి పెడితేనే తినేదట. ఒక్కోసారి అత్త చెబుతూ నవ్వేది కూడా. డెబ్భై ఏళ్ళ తర్వాత చెల్లెల్ని తలుచుకుని నవ్వడం అదే మొదలేమో.

పోయిన ఆషాఢంలో అత్త పోయింది. నేను వెళ్ళలేకపోయాను, ఫోన్‌లోనే చూశాను.

ఓవెన్‌కి వరాలు సంగతి చెబితే, "ఏ సంవత్సరం?" అని అడిగాడు. ఉప్పెనొచ్చిన ఏడు... అంతకు మించి అత్తకే తెలియదు. నా నోటుబుక్కులో వరాలుకి ఉన్నవి పదకొండు లైన్లు. ఫోటో లేదు.

ఇప్పుడు మన పిల్లల ఫోటోలు ఫోన్‌లో వేలకి వేలు. పుట్టిన నిమిషంతో సహా అన్నీ కాగితాల్లో ఉంటాయి. అప్పట్లో అయిదేళ్ళు ఆడుకున్న ఒక పిల్ల, ఒక్క అక్క మనసులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు...

మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు ఎవరి పేరు దగ్గరైనా ఆగిపోతుంటారా? ఉంటే నెమ్మదిగా, పక్కన కూర్చుని అడగండి. చెబితే ఆ పేరు ఇక్కడ రాయండి... పైకి చదువుతాను.