మనుషులు ఎక్కరాదు

మా బావ పోయాడు. ఆదివారం సాయంత్రం బౌరంపేట్‌లో ప్రార్థన కూటం ముగించి ఫోను తెరిస్తే అక్క చేసిన కాల్స్ వరసగా కనిపించాయి. తిరిగి చేశాను. "తమ్మీ, మీ బావ కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. పిలిస్తె పలుకుతలేడు" అంది. ఆమెకు అప్పటికే తెలుసు. నాకూ తెలిసింది. అయినా "నీళ్లు సల్లి సూడక్కా" అన్నాను. ఎన్నో చావు ఇళ్లలో నిలబడి పునరుత్థానం గురించి గర్జించిన నోటికి ఆ పూట దొరికిన మాట అంతే.

ఆయన మేడ్చల్‌లో స్కూలు బస్సు నడిపేవాడు. మందిరంలో ఎప్పుడూ చివరి వరసలో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చునేవాడు. నేను గొంతు చించుకుని బోధిస్తుంటే కళ్లు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడని ఏళ్ల తరబడి లోపల లోపల మండిపడ్డాను. కాదని మేమిద్దరం ట్రైలర్ కట్టిన రోజుల్లో తెలిసింది.

మా కూటాలకు సామాను ఎక్కువ. జనరేటరు, మైకు పెట్టెలు, కుర్చీలు, టార్పాలిన్. ట్రాలీ ఆటో పిలిస్తే, వాక్యం ముగియకముందే ఆ డ్రైవరు హారన్ కొట్టేవాడు. అందుకని నా పాత జీపు వెనక తగిలించుకునే ట్రైలర్ ఒకటి కొందామని బావను పేట్ బషీరాబాద్ తీసుకెళ్లి చూపించాను. ఆయన దాని కిందికి దూరి చూసి, లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"కొనుడెందుకు బామ్మర్ది. మనమే జేద్దాం."

"మనకేమొస్తదని జేస్తం బావా?"

"కొన్నది ఖరాబైతె అమ్మినోని ఎంట తిరగాలె. మనం జేసింది ఖరాబైతె, ఏడ ఖరాబైందో మనకెర్కుంటది."

శామీర్‌పేటలో ఆయనకు స్నేహితుడైన ఒక వెల్డింగ్ షాపు భాయ్ ఉన్నాడు. ఆ రేకుల షెడ్డు పక్కనే పని మొదలైంది. పాత సామాను దుకాణంలో జీపు ఇరుసు దొరికింది, కుదుపు ఆపడానికి దానికి తగ్గ కమాన్ పట్టీలూ దొరికాయి. పొద్దున పిల్లల్ని స్కూల్లో దించి, మళ్లీ సాయంత్రం ట్రిప్పు వేళ దాకా బావ అక్కడే ఉండేవాడు. నాకు ఓపిక తక్కువ. ఒకరోజు నా తొందర చూసి భాయ్ బావతో అన్నాడు: "మీ బామ్మర్దికి వెల్డింగ్ రాడ్ ఇయ్యకుండ్రి. గాయన మాటకే ఇనుము కరుగుతాంది." బావ నవ్వి, నా చేతికి చీపురిచ్చాడు.

మొదటి ప్రయాణం నాడు సామాను నేనే సర్దించాను. దిగగానే జనరేటరును దూరంగా లాగేయాలి, దాని రొద నా బోధకు అడ్డు రాకూడదు. అందుకని దాన్ని ట్రైలర్ తోక చివరన పెట్టించాను. శామీర్‌పేట రోడ్డెక్కి కాస్త వేగం అందుకునేసరికి ట్రైలర్ అటూ ఇటూ ఊగసాగింది, జీపు వెనక భాగం తేలిపోతున్నట్టయింది. నా కాలు బ్రేకు మీదికి పోయింది. పక్కన కూర్చున్న బావ మెల్లగా, "బ్రేకు కొట్టకు. రేసు మీదికెల్లి కాలు తియ్యి" అన్నాడు. బండి దానంతటదే నెమ్మదించి చెరువు పక్కన ఆగింది. ఇద్దరం జనరేటరును ఇరుసుకు ముందుకు జరిపాం.

"నీకు సప్పుడు ఫికర్. బండికి బరువు ఫికర్" అన్నాడు తాడు బిగిస్తూ. ఇప్పటికీ మైకు ముందు నిలబడగానే ఆ మాట గుర్తుకొస్తుంది. ఎన్నిసార్లు నన్ను కాపాడిందో దేవుడికి తెలుసు.

మేం గొడవపడింది ఒక్కసారే. ట్రైలర్ వెనక పలక మీద బైబిల్ వాక్యం రాయించాలని నా కోరిక. నేను ఉపవాస ప్రార్థనకు పోయి వచ్చేలోగా బావ పెయింటర్‌ను పిలిపించి, ఎర్ర అక్షరాలతో ఇంత పెద్దగా రాయించాడు: మనుషులు ఎక్కరాదు.

"దేవుని పనికి తిరిగే బండి మీద గిదేం రాత బావా?" అని షెడ్డు అదిరేలా అరిచాను.

ఆయన చాయ్ వచ్చాక చెప్పాడు. "పడుసుదనంల ట్రాక్టర్ తోలేటోన్ని. పెండ్లికెల్లి వాపసొస్తున్నం. ట్రాలీ నిండ జనం, అండ్ల మా తమ్ముడు. మూల మీద ట్రాలీ తిరగవడ్డది. వాడు లెవ్వలేదు. తోలింది నేనే." గ్లాసు కింద పెట్టాడు. "నువ్వే జెప్తివి గదా. దేవుని ఆజ్ఞలున్న మందసం పెట్టెను కొత్త బండెక్కించి తెస్తుంటె ఎడ్లు తడవడ్డయని, పట్టవోయినోడు సచ్చిండని. భుజాల మీద మొయ్యాల్సిందాన్ని భుజాల మీదనే మొయ్యాలె బామ్మర్ది."

ఆ బోధ చేసిననాడు నేను దేవుని ఉగ్రత గురించి నిప్పులు చెరిగాను. చివరి వరసలో కళ్లు మూసుకున్న మనిషి అందులోంచి తన తమ్ముణ్ణి తీసుకుని ఇంటికి పోయాడు.

ఆ రాతను ఆయన ఎప్పుడూ తప్పలేదు. ఒకసారి కూటం ముగిశాక వాన పట్టుకుంది. మోకాళ్లు నొప్పులున్న ఒక ముసలమ్మ ట్రైలర్‌లో ఓ మూల కూర్చుంటానని బతిమాలింది. బావ ఆమెను జీపులో తన సీట్లో కూర్చోబెట్టి, తాను తడుస్తూ నడిచి వచ్చాడు.

సోమవారం మధ్యాహ్నం ఆయన శవపెట్టెను వాకిట్లో పెట్టాం. ఊరిలోని సమాధుల తోట నిండిపోయింది. కొత్తది చాలా దూరం. ఎండ కాస్తోంది, మోయగలవాళ్లు కొద్దిమంది. ట్రైలర్ మీద తీసుకెళ్దామన్నది నేనే. ఆయన చేతి పని ఆయన్ను మోయడం కంటే ఘనత ఏముందని పది మందికీ వినపడేలా చెప్పాను. అందరూ తలూపారు. పూలు కట్టడం కూడా మొదలైంది.

అక్క గడప దాటి వచ్చింది. "ఎనక ఏం రాసున్నదో సదివినవా తమ్మీ?"

"అది బతికున్నోళ్లకక్కా."

"అంటె మీ బావ ఇగ సామానైండా?"

శామీర్‌పేట నుంచి వచ్చిన భాయ్ ఎవరి కోసమూ చూడలేదు. టోపీ సవరించుకుని, వంగి, పెట్టె కింద భుజం పెట్టాడు. పక్కన నేను పెట్టాను. వెనక ఇంకొందరు వచ్చారు.

ట్రైలర్‌లో పారలు, నీళ్ల క్యాన్లు, కుర్చీలు వేశాం. బరువైనవి ముందు. మా సంఘంలోని ఒకతను జీపును నడక వేగంతో మా ముందు నడిపాడు. దారి పొడవునా నా కళ్లెదుట ఆ ఎర్ర అక్షరాలే. గుంత వచ్చినప్పుడల్లా అవి ఒక పక్కకు ఒరిగేవి, పలక గొలుసులు గలగలమనేవి, మళ్లీ నిటారుగా నిలబడేవి. మేమూ అక్కడికి రాగానే అడుగు చూసుకుని, ఆయనకు కుదుపు తగలకుండా, భుజం మార్చుకునేవాళ్లం.