బ్యాకప్‌లో పన్నెండో స్టెప్పు

దెయ్యాల కథ మొదలుపెట్టినవాళ్లని మధ్యలోనే ఆపేసి, "చూసింది నువ్వా, మీ పిన్నమ్మ తోడికోడలా?" అని అడిగే రకం నేను. మా ఇంట్లో ప్రార్థన ఉంది గానీ ఇలాంటి భయాలు లేవు. పైగా నా ఉద్యోగం కంప్యూటర్లతో. అక్కడ జరిగిన ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట కారణం రాసి ఉంటుంది. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం కోపం రాదు.

మాది నరసరావుపేట. గురజాల దాటాక ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ చూస్తాను. అక్కడ మేమంతా 'పోర్టల్' అని పిలిచేది ఒకటుంది. ఏ మిషన్ ఎలా విప్పాలి, ఎలా బిగించాలి, ముందు ఏది ఆపాలి అని పాతవాళ్లకు తెలిసిన పనంతా అందులో పేజీలుగా ఉంటుంది. రిపేరుకు దిగేముందు ఫిట్టర్లు ఆ పేజీ ప్రింటు తీసుకుని, దాని ప్రకారమే పోతారు.

దాన్ని కాపాడటం నా పని. ప్రతి శనివారం మొత్తం పోర్టల్‌ని ఒక హార్డ్ డిస్క్‌లోకి, పాతదాని మీదే కొత్తది, కాపీ చేసి బీరువాలో పెడతాను. మూడు నెలలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి, అసలుతో సరిపోయిందో లేదో చూసి రిజిస్టర్లో రాస్తాను.

ఆ పేజీల్లో సగం అంజయ్య మేస్త్రివి. వెల్దుర్తి వైపు మనిషి. ముప్పై ఏళ్లు సున్నపురాయి పగలగొట్టే క్రషర్ దగ్గరే పనిచేశాడు. టైపింగ్ రాదు. పదకొండు గంటల టీ తాగి నా పక్కన కూర్చుని చెప్పేవాడు, ఆయన లాగిన్‌లో నేను కొట్టేదాన్ని. తొందరపెడితే ఒప్పుకునేవాడు కాదు. "నిదానంగా కొట్టమ్మాయ్. నువ్వీడ తప్పు కొడితే ఆడ మనిషి పోతాడు," అనేవాడు. నేను విసుక్కునేదాన్ని కూడా.

క్రషర్ కింద రాయిని మోసుకెళ్లే బెల్టు గురించిన పేజీ పదకొండు స్టెప్పుల దాకా వచ్చింది. "ఇంకా ఉంది, రేపు చెబుతా," అని లేచాడు. తెల్లారేసరికి గుండెపోటుతో పోయాడు.

పదకొండూ సరిపోతాయని ఇంజనీర్లు సంతకం చేశారు. ఆయన లాగిన్ మాత్రం నేను రద్దు చేయలేదు. చేస్తే పేజీల మీద ఆయన పేరు పోతుందని క్రషర్ వాళ్లు బతిమాలారు. దాని పాస్‌వర్డ్ నాకొక్కదానికే తెలుసు.

తర్వాత కాపీని పరీక్షించే శనివారం వచ్చింది. పట్టపగలు, ఇంకా పన్నెండు కాలేదు. సోమవారం హెడ్డాఫీసు నుంచి ఆడిట్. కాపీని అసలుతో పోలిస్తే ఒక్క పేజీ దగ్గర తేడా చూపించింది. అసలులో పదకొండు స్టెప్పులు, కాపీలో పన్నెండు.

పన్నెండోది ఇది: "గోడెనక పాత డబ్బా ఉంది. బెల్టుకి ఆడనుంచి గూడా కరెంటొస్తది. అది ఆపకుండా మనిషిని దింపొద్దు."

ఆయన చెప్పినదాన్ని నేను ఎప్పుడూ పుస్తకాల తెలుగులోకి మార్చి కొట్టేదాన్ని. ఇది ఆయన నోట్లో మాట ఎలా ఉండేదో అలాగే ఉంది.

అసలులో లేనిది కాపీలో ఉండదు. డేటా పోవచ్చు, చెడిపోవచ్చు, కొత్తగా మాత్రం పుట్టదు. ఎవరు రాశారో చూశాను. అంజయ్య లాగిన్, నా కంప్యూటర్ నుంచే. తేదీ ఆయన పెద్దకర్మ రోజు, పదకొండుంబావు. ఆ రోజు మా సెక్షన్ అంతా ఒకే బస్సులో వాళ్ల ఊరు వెళ్లాం. ఆ వేళకు నేను ఆయన ఫొటో ముందు నిలబడి ఉన్నాను. నా గది తాళంచెవి నా బ్యాగులో ఉంది.

ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి బెల్టుకు రెండో లైను ఏమైనా ఉందా అని అడిగాను. "డ్రాయింగ్‌లో లేదమ్మా. ఎవరు చెప్పారేంది నీకు?" అన్నాడు. ఎవరని చెప్పను? ఏం లేదు సార్ అని పెట్టేశాను.

మా రూలు ప్రకారం అసలుతో సరిపోని కాపీ చెడ్డ కాపీ. చెరిపేసి కొత్తది తీయాలి. ఆడిట్‌లో రిమార్కు పడితే నాది కాంట్రాక్టు ఉద్యోగం. లేచి వెళ్లి ఆ గోడ వెనక చూసి రావడానికి పది నిమిషాలు పట్టేది. వెళ్తే నమ్మినట్టవుతుందని సిగ్గుపడ్డాను. డిస్క్ చెరిపేసి మళ్లీ తీశాను. ఈసారి రెండింట్లోనూ పదకొండే. "ఒక పేజీలో తేడా, డిస్క్ చెరిపి మళ్లీ తీయడమైనది" అని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం ఇప్పటికీ ఉంది.

మూడు వారాలకు బెల్టు రిపేరు పెట్టారు. దిగాల్సింది సుభాని. అంజయ్య దగ్గరే పని నేర్చుకున్న ఫిట్టరు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, నన్ను అక్కా అంటాడు. ప్రింటు నా చేతులతో నేనే ఇచ్చాను. గోడ వెనక ఒకసారి చూసి దిగు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన ఇంజనీరు ఉన్నాడు. మింగేశాను.

సుభాని పదకొండు స్టెప్పులూ పొల్లుపోకుండా చేసి దిగాడు. పక్క సెక్షన్లో ఎవరో తమ లైను ఆన్ చేశారు. ఆపేసి తాళం వేసిన బెల్టు కదిలింది. అతని కుడికాలు మోకాలి దాకా పోయింది.

సాయంత్రానికి గోడ వెనక గోనెసంచుల కింద ఆ డబ్బా దొరికింది. తుప్పు పట్టి ఉంది, పక్క సెక్షన్ లైను నుంచి అందులోకి కరెంటు వస్తోంది. ఎవరికీ తెలియని పాత లైనని విచారణలో రాసుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

చెరిపేసిన డిస్క్ నుంచి ఆ వాక్యాన్ని వెనక్కి తీయాలని నాకు చేతనైనవన్నీ చేశాను. పాత పేజీల ముక్కలు వేలకొద్దీ వచ్చాయి, అది రాలేదు. పెద్దకర్మ రోజు నా కంప్యూటర్ ఆన్ అయినట్టే ఎక్కడా లేదు. ఎవరైనా ఆటపట్టించారనుకుందాం. వాడికి ఆ డబ్బా సంగతి ఎలా తెలుసు? తెలిసినవాడు అసలులో రాయకుండా బీరువాలోని కాపీలో ఎలా రాశాడు? నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

నెల తర్వాత గుంటూరు ఆసుపత్రికి బత్తాయిలు పట్టుకుని వెళ్లాను. సుభాని మంచం మీద, దుప్పటి కింద కాలు లేనిచోట, వాళ్ల చిన్నపిల్ల కూర్చుని ఆడుకుంటోంది. నాకు ఏడుపు ఆగలేదు. అతనే నన్ను ఊరుకోబెట్టాడు. తర్వాత అడిగాడు.

"అక్కా, మేస్త్రికి ఆ బెల్టు సంగతి చానా తెలుసు గదా. ఈ డబ్బా గురించి నీకెందుకు చెప్పలా?"

"మర్చిపోయుంటాడులే తమ్ముడూ," అన్నాను.