మా నాన్న పాట ఆపేసిన తెల్లగుర్రం

మా ఊరి శాఖా గ్రంథాలయంలో గుర్రాల గురించి ఉన్నదంతా చదివాను. పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నాకు వచ్చిన చదువంతా ఆ బీరువాల్లోదే. రాజుల అశ్వదళాలు, గుర్రం ఒంటి మీది సుళ్ళలో ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పే పాత శాస్త్రం, ఎడారి దేశాల మేలుజాతులు, అన్నీ దొరికాయి. నిడదవోలు స్టేషన్లో దిగిన చుట్టాలనీ, పురిటికి వచ్చిన ఆడపిల్లల్నీ ఇళ్ళకు చేర్చిన జట్కా గుర్రం గురించి మాత్రం ఒక్క పేజీ కనిపించలేదు. స్టాండులో ఇప్పుడు అన్నీ ఆటోలే. జట్కా తోలినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అందుకని నాకు తెలిసినంత రాసి పెడుతున్నాను.

మా నాన్న ఆ స్టాండులోనే జట్కా తోలుతూ ముసలివాడయ్యాడు. నా చిన్నతనంలో, కోతలయ్యాక గుర్రాల బేరగాళ్ళు మంద తోలుకొచ్చి ఊరి బయట ఖాళీ చేలల్లో కట్టేవారు. నచ్చిన గుర్రాన్ని జట్కాకు కట్టి, బస్టాండు దాకా తోలి, హారన్లకు బెదరకపోతేనే బేరం ఆడేవారు మావాళ్ళు. తొంభైల్లో ఆ మందలు చిక్కిపోయాయి. చివరిసారి ఒకే ఒక బేరగాడు రెండు బక్క పొట్టిగుర్రాల్ని తెచ్చాడు. కొనేవాడు లేక వాటినే నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. మరి రాలేదు.

ఆ ఏడు వానాకాలంలోనే మా గుర్రం కడుపునొప్పితో చచ్చిపోయింది. నాన్నకు ఇంకో పని రాదు. నేను అప్పటికే మిల్లులో గుమస్తాని. ఇల్లు గడవదన్న భయం లేదు. కానీ ఆయన పొద్దున్నే లేచి, ఖాళీ పాకలో కాసేపు నిలబడి, ఏమీ తోచక మళ్ళీ వచ్చి మంచం మీద కూర్చునేవాడు. గుర్రం దొరక్కపోతే ఆయన మిగతా రోజులన్నీ అలాగే గడుస్తాయని మా అమ్మకీ నాకూ తెలుసు.

రాజమండ్రిలో జట్కాల్ని అద్దెకు తిప్పే షావుకారు ఒకాయన వ్యాపారం ఎత్తేస్తున్నాడని, గుర్రాల్ని వేలం వేస్తున్నాడని కబురు వచ్చింది. నాన్నా నేనూ ప్యాసింజరు ఎక్కాం. స్టాండులో నాన్న పక్కన బండి నిలిపే ఆయన కూడా అదే పెట్టెలో కనిపించాడు. వాళ్ళిద్దరికీ చుట్టరికం లేదు. ముప్ఫై ఏళ్ళుగా "బావా" అనుకోవడమే. నాకు మావయ్య. ఆయన గుర్రం బతికే ఉంది కానీ ముందుకాలు కుంటుతోంది.

"ఏంటి బావా, కొత్త చొక్కా? పెళ్ళిచూపులకా?" అన్నాడు నాన్న.

"గుర్రాన్ని చూడ్డానికే. అది నన్ను చూడద్దా మరి?" అన్నాడు మావయ్య.

షావుకారు దొడ్డిలో ఆ గుర్రాల్ని తోలినవాళ్ళే చేతులు కట్టుకుని గోడ వారన నిలబడ్డారు. గుర్రాలన్నీ ముసలివి. ఒక్క తెల్ల ఆడగుర్రం మాత్రం పుష్టిగా ఉంది. మావయ్య దాని పళ్ళు చూసి, గిట్ట ఎత్తి చూసి, జూలు నిమిరాడు. దూరం నుంచి నాన్న అది గమనించాడు. మావయ్య అటు వెళ్ళాక తనూ వెళ్ళి, తువ్వాల్లో తెచ్చిన ఉలవలు పెట్టాడు.

మా స్టాండులో ఒక కట్టుబాటు ఉంది. తోటివాడు కోరిన గుర్రం మీద పాట పెంచకూడదు. ఎక్కువ అవసరం ఉన్నవాడికి వదలాలి.

షావుకారు గుమస్తా తెల్లగుర్రాన్ని పాటకు పెట్టగానే నాన్న ఉండబట్టలేక మొదటి పాట పాడేశాడు. రామచంద్రపురం నుంచి వచ్చిన బ్యాండు మేళం యజమాని పెంచాడు. పెళ్ళి ఊరేగింపులకు ఆయనకు తెల్లగుర్రం కావాలి. నాన్న మళ్ళీ నోరు తెరవబోయి, మావయ్య వైపు చూసి ఆగిపోయాడు.

"నువ్వు పాడు బావా. ముందు చూసుకున్నది నువ్వే కదా," అన్నాడు నాన్న.

"అదేంటి? నీ పాట మీద నేను పాడతానా? నువ్వే కానీ."

"నీ గుర్రం కుంటిదయ్యింది కదా."

"నీకు అసలు గుర్రమే లేదు కదా."

"ఒకటోసారి," అన్నాడు గుమస్తా.

"మొహమాటం వద్దు బావా. పాడు."

"నువ్వు పాడితే నాకు సంతోషం."

"రెండోసారి. ఏవండీ, మీ మర్యాదలు తేలాయా?"

గోడ వారన ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్న మావయ్య భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. మావయ్య వెనక్కి తగ్గాడు. గుమస్తా మూడోసారి అనేశాడు.

బ్యాండు మేళం ఆయన దగ్గరికి వచ్చి, "నేనే వదిలేద్దామనుకుంటున్నానండీ. మీరే ఆపేశారు," అన్నాడు. ఆయన నిజంగా నొచ్చుకున్నట్టే వినిపించింది.

తిరుగు రైల్లో మావయ్య, "బంతిలో కూర్చుని ముందు మీరు ముందు మీరు అనుకుంటుంటే విస్తరి కుక్క లాక్కుపోయినట్టయింది," అన్నాడు. నాన్న నవ్వాడు. కొవ్వూరు దాటాక తువ్వాల్లో మిగిలిన ఉలవల్ని మళ్ళీ మూటగట్టాడు.

నాన్నకు మళ్ళీ గుర్రం దొరకలేదు. ఆ ఏడాది చివర్లో మావయ్య ఆటో కొన్నాడు. నాన్న స్టాండు వైపు వెళ్ళడం మానేసి, కొన్నేళ్ళు ఆ మంచం మీదే గడిపి, వెళ్ళిపోయాడు.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేర్లు వద్దన్నారు కనుక వరసలతోనే చెబుతున్నాను. మూసే వేళ దాటినా దీపం ఆర్పకుండా కూర్చోనిచ్చిన మా గ్రంథాలయాధికారి గారికి, ఏ వానలో గుర్రం పోయిందో గుర్తుచేసిన అమ్మకు, బేరగాళ్ళ సంగతులు చెప్పిన లాడాలు కొట్టే తాతగారికి నమస్కారాలు.

మావయ్యకు వేరేగా చెప్పాలి. వేలం సంగతి అడగడానికి వెళితే, ఆటో దిగి, నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"ఆ గుర్రాన్ని నా కోసం చూడలేదురా. ఆటోకి అప్పటికే మాట్లాడుకున్నాను. మీ నాన్న తొందరపడి చెడ్డది కొంటాడేమోనని తోడొచ్చి, ఆయన కోసమే పళ్ళు చూశాను."

"మరి అప్పుడే చెప్పలేదేంటి మావయ్యా?"

"ముప్ఫై ఏళ్ళు పక్కన బండి నిలిపినవాడికి, నేను గుర్రం వదిలేస్తున్నాను బావా అని ఎలా చెప్పేదిరా? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఆటో కొన్నాక ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఇంత ఆలస్యంగానైనా నాకు చెప్పినందుకు ఆయనకు కృతజ్ఞతలు.