ఐదో వరుస

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నా వయసు చాలదని నాకు తెలుసు. ఇది ఐదారేళ్ల కిందటి మాటే. అయినా ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చిన మొదటి ఏడాదిలో ఉండే మనిషికీ, తర్వాత అదే చొక్కాలో తిరిగే మనిషికీ మధ్య దూరాన్ని ఏళ్లతో కొలవలేం. ఆ మొదటి ఏడాది నాకు తెలియని సంగతి లేదు. తెలిసినవన్నీ నల్ల అట్ట నోటుబుక్కులో నంబర్లు వేసి, టైము వేసి, ముఖ్యమైన వాటి కింద స్కేలుతో గీత గీసి రాసుకునేవాణ్ణి. (స్కేలు లేనప్పుడు ఆధార్ కార్డు అంచు వాడేవాణ్ణి. చేత్తో గీసిన గీత నాకు నచ్చదు.) సైటులో పనివాళ్లు నాకు ‘లిస్టు సారు’ అని పేరు పెట్టారు. అది గౌరవమే అనుకుని చాలాకాలం సంతోషించాను.

మా మేనమామ చిన్న బిల్డరు. సీతాఫల్‌మండిలో మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటాడు. ఇళ్లపైన అదనపు గదులు వేయడం, ఎవరో పాడుచేసి వదిలేసిన పనులు సరిచేయడం ఆయన వృత్తి. పట్టా రాగానే నన్ను తన దగ్గరే పెట్టుకున్నాడు. “అల్లుడూ, సదువుకున్నోడు సైటుల నిలబడితే గోడలకు సుత భయముంటది” అన్నాడు. నేను ఆ మాటను అక్షరాలా నమ్మాను.

నా మొదటి సైటు నేరేడ్‌మెట్‌లో ఒక టీచరమ్మ ఇల్లు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడి బడిలో రిటైరయ్యేదాకా లెక్కలు చెప్పిన మనిషి. మేడమీద ఒక గది, పైన రేకులు, అంతే పని. ఆ గదిలో చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్ చెప్పాలని ఆవిడ కోరిక. గది పూర్తికాగానే పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించాలని అప్పటికే నలుగురికీ చెప్పేసింది. రోజూ టీ గ్లాసు ఇచ్చేటప్పుడు గోడ వైపు చూసి పరీక్ష పేపరు దిద్దినట్టు తలాడించేది. ఆ తలాడింపుకు పాసో ఫెయిలో ఎవరికీ తెలిసేది కాదు.

గోడ కట్టే మేస్త్రీని అందరూ ‘సరేసార్’ అనేవాళ్లు. నలభై దాటినవాడు. ఏం చెప్పినా అతని జవాబు “సరే సార్” ఒక్కటే. మిగతాదంతా తాపీతో మాట్లాడేవాడు. ఇటుకను అరచేతిలో ఒకసారి తిప్పి మంచి ముఖం ఎటుందో చూసుకుని సిమెంటు మాలు మీద పెట్టి, కొంచెం అటూ ఇటూ కదిపి వదిలేసేవాడు. రెండోసారి ముట్టుకోవడం నేను చూడలేదు. కాప్రాలో మామకు పెద్ద ఇంటి పని ఒకటి వచ్చింది. పునాది నుంచి పై అంతస్తు దాకా ఇటుక పనంతా సరేసార్‌కే ఇస్తానని మామ మాటిచ్చాడు. అన్నేళ్లూ ఇంకొకరి చేతి కింద పనిచేసిన అతనికి, తన పేరు మీద తీసుకునే మొదటి పని అది.

గోడ మొదలైన రెండో రోజు నేను సైటుకు వచ్చేసరికి నాలుగు వరుసలు లేచి ఉన్నాయి. సరేసార్ దారానికి ఇత్తడి గుండు కట్టి, గోడ పక్కన వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా బీడీ కూడా ముట్టించకుండా నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది. ఫోన్ తీశాను. కొత్తది. మొదటి జీతానికి ముందే వాయిదాల మీద కొన్నది. అందులో గోడ నిటారుగా ఉందో లేదో డిగ్రీలో పదో వంతు దాకా చెప్పే యాప్ ఉంది. ఫోన్ వీపును గోడకు ఆనించాను. సున్నా రాలేదు.

“అన్నా, బయటికి కొంచెం జరుపు.”

“సార్, గుండు గట్ల చెప్తలేదు.”

(అతను ‘సరే సార్’ కాకుండా ఇంకోటి అనడం నేను విన్నది అదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.)

“గుండు గాలికి ఊగుతదన్నా. ఫోన్ ఊగదు” అన్నాను. ఆ వాక్యం నాకు ఎంతగానో నచ్చి, ఆ రోజే నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

అతను గుండు వైపు చూశాడు, నా వైపు చూశాడు. “సరే సార్” అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి వరుసకూ ఫోన్ ఆనించి, సున్నా వచ్చేదాకా జరిపించి, టైము రాసుకున్నాను. నాలుగు గోడలకూ లోపలి వైపు నుంచే. బయట పరంజా ఎక్కితే నాకు కళ్లు తిరుగుతాయి. ఈ సంగతి నోటుబుక్కులో రాయలేదు.

పదో రోజుకు గోడలు తలెత్తు దాటాయి. రేకుల కోసం కొలతలు తీయడానికి మామ వచ్చాడు. కింద కొలిస్తే పన్నెండు అడుగులు. పైన కొలిస్తే పన్నెండు అడుగుల రెండంగుళాలు. టేపు మడిచి, మళ్లీ తీసి, మళ్లీ కొలిచాడు. అడ్డం కొలిచినా అంతే. పైన రెండంగుళాలు ఎక్కువ. గది పూలకుండీలా పైకి విచ్చుకుంటూ పోయింది.

టీ గ్లాసులతో పైకి వచ్చిన టీచరమ్మ విషయం విని, తలుపు ఖాళీలో నిలబడి నాలుగు వైపులా చూసింది. “బాబూ, నేను గది కట్టమన్నానండీ, తామరపువ్వు కాదు” అంది. ఈసారి తలాడింపుకు అర్థం తెలిసింది.

మామ సరేసార్ మీద విరుచుకుపడ్డాడు. “ఏందివయ్యా గిది? ఇన్నేండ్ల సంది పని చేస్తున్నవ్, గోడ నిలబెట్టుడు రాదా? గిదే చేయి తోటి కాప్రాల పని చేస్తవా? నువ్వు కాప్రా ముచ్చట మరిచిపో.”

సరేసార్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. తాపీ కడుక్కుంటూ నిలబడ్డాడు.

మామ కిందికి దిగగానే నేను దొంగలా ఫోన్ తీసి గోడకు ఆనించాను. సున్నా. ఇంకో గోడ. సున్నా. ఎందుకో తెలియదు, ఎక్కడో తెలియదు, కానీ ఈ తప్పులో నేనున్నానని ఆ క్షణమే తెలిసింది. తెలిసిన మనిషి ఏం చేయాలి? కిందికి పోయి చెప్పాలి. నేను కూర్చుని ‘ఇటుక పనిలో లోపాలు’ అని శీర్షిక పెట్టి, గీత గీసి, పదకొండు లోపాలు రాశాను. మాలు మందం, ఇటుకల నాణ్యత, తడపడంలో అలసత్వం, ఇంకా చాలా. ఆ రాత గుండ్రంగా, అందంగా ఉంది. ఇప్పటికీ ఆ పేజీ చూస్తే చేతిరాత బాగుందనే అనిపిస్తుంది, అదే బాధ.

మర్నాడు పొద్దున మామ తన స్కూటర్ వెనక ఒక పెద్దాయన్ని ఎక్కించుకొచ్చాడు. సరేసార్‌కు పని నేర్పిన గురువు. అందరూ పెద్దమేస్త్రీ అంటారు. చూపు తగ్గిందని పని మానేసి చాన్నాళ్లయింది. గోడలు మొత్తం కూల్చాలా, ఏదన్నా దారి ఉందా చెప్పమని మామ బతిమాలి తెచ్చాడు. పెద్దాయన మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పి గదిలోకి అడుగుపెట్టాడు. సరేసార్ దూరంగా మూల నిలబడ్డాడు.

మామ నన్ను ముందుకు తోశాడు. “మా అల్లుడు ఇంజినీరు. లోపాలన్నీ రాసిండు. సదువురా.”

నేను చదివాను. మొదటిది, మాలు మందం అంతటా ఒకేలా లేదు. పెద్దమేస్త్రీ చిటికెన వేలు కొనను రెండు వరుసల మధ్య మాలు గీతలో పెట్టి, అలాగే ఆ మూల దాకా నడిచాడు. “నా వేలు యాడ్నన్న ఎక్కువ దూరిందా, యాడ్నన్న ఆగిందా?” లేదు. రెండోది, ఇటుకలు నాణ్యమైనవి కావు. మిగిలిన ఇటుకలు రెండు తీసుకుని ఒకదానికొకటి కొట్టాడు. గుడిగంటలా కాకపోయినా స్టీలు గిన్నెలా ఖంగుమంది. మూడోది చదవబోతే చేయి అడ్డం పెట్టాడు. “జెర ఆగు బిడ్డా.”

కళ్లు మూసుకున్నాడు. కుడి అరచేయి గోడ అడుగున ఆనించి, మెల్లగా పైకి నిమురుతూ లేచాడు. జ్వరమొచ్చిన పిల్లవాడి వీపు నిమిరినట్టు ఉంది. నడుం ఎత్తు దాకా వచ్చి, మళ్లీ కిందికి దిగాడు. ఒక చోట ఆగాడు. రెండో గోడ దగ్గరికి వెళ్లాడు, అక్కడా అదే ఎత్తులో ఆగాడు. అలా నాలుగు గోడలూ నిమిరాడు. టీచరమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

“నాలుగు వరుసల దాంక గోడ సక్కగుంది” అన్నాడు కళ్లు తెరవకుండానే. “అయిదో వరుస కాడ బయటికి మలిగింది. మలిగినంక మల్ల తప్పలే, ఒక్క తీరుగ పోయింది. పని రానోడు కడితే గోడ ఒక కాడ లోపటికి, ఒక కాడ బయటికి పోతది. ఇది గట్ల లేదు. గింత సాఫ్‌గ తప్పు చేయాలంటే చేయి మస్తు మంచిదుండాలె. చేయిది కాదు ఈ తప్పు.” కళ్లు తెరిచాడు. “అయిదో వరుస నాడు ఈడికి ఎవలొచ్చిండ్రు?”

నాలుగేళ్ల చదువులో ఏ ప్రయోగశాలలోనూ, ఏ పరికరమూ గోడను అట్లా చదవగా నేను చూడలేదు. గోడ తన రోజులన్నీ లోపల దాచుకుని, ఆ అరచేతికి వరుసగా ఒప్పజెప్పింది. నా చేతిలో ఉన్న నోటుబుక్కులో సరిగ్గా అదే రాసి ఉంది.

సరేసార్ చెప్పొచ్చు. చెప్పలేదు. నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. నేను చెప్పకపోతే కాప్రా పని పోతుంది, అతను దానికి కూడా ‘సరే సార్’ అంటాడు. నేను పేజీలు వెనక్కి తిప్పి, గొంతు సవరించుకుని చదివాను.

“ఐదో వరుస. పదకొండు గంటల పది నిమిషాలు. ఫోన్‌తో పరీక్ష ప్రారంభం. గుండు గాలికి ఊగును, ఫోన్ ఊగదు.”

మామ నోరు తెరిచాడు. పెద్దమేస్త్రీ మూయమన్నట్టు చేయెత్తి, ఆ ఫోన్ ఇటివ్వమన్నాడు. ముందున్న అద్దం వైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి బొటనవేలితో నిమిరాడు. పైన మూల దగ్గర, కెమెరాల మీద వేలు ఆగింది. “గీ కాయలేంది దీనికి?” అన్నాడు. చదునుగా ఉన్న ఒక ఇటుక వెతికి, దాని మీద ఫోన్‌ను వెల్లకిలా పెట్టి వేలితో ఒక మూల నొక్కాడు.

టక్. ఇంకో మూల. టక్.

ఫోన్ ఊగింది.

ముందు నవ్వింది టీచరమ్మ. “రెండు మిల్లీమీటర్లు ఉంటుందా బాబూ ఆ ఎత్తు? దాన్ని ఫోను పొడుగుతో భాగించి, గోడ ఎత్తుతో గుణించండి.” నేను నోటుబుక్కులో గుణించాను. గోడకు ఒక అంగుళం పైచిలుకు, రెండు వైపులా కలిపి రెండంగుళాలు. లెక్క అద్భుతంగా సరిపోయింది. నా జీవితంలో సరైన జవాబుకు అంత సిగ్గుపడింది అప్పుడే.

“అల్లుడూ” అన్నాడు మామ నీరసంగా, “నాలుగేండ్లు సదివి కెమెరా తోటి గోడ కట్టినవారా?” తర్వాత సరేసార్ దగ్గరికి పోయి భుజం మీద చేయి వేశాడు. “కాప్రా పని నీదే. నిన్న అన్నది మనసుల పెట్టుకోకు.”

“ఆగు” అన్నాడు పెద్దమేస్త్రీ. శిష్యుడి వైపు తిరిగాడు. “గుండు తప్పని చెప్తున్నా కట్టినవ్ గదరా. సారు చెప్తే సరే, గోడకేం చెప్తవ్? నీది సుత తప్పే.” సరేసార్ కళ్లు తుడుచుకున్నాడు. అది ఏడుపో, సిమెంటు దుమ్మో నేను రాసుకోలేదు.

గోడలు మొత్తం కూల్చలేదు. మాలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదని, పై నుంచి ఒక్కో ఇటుకా ఉలితో మెల్లగా విడదీసి, ఐదో వరుస దాకా దించమన్నాడు పెద్దమేస్త్రీ. అంటిన మాలు గీకి, ఇటుకలను డ్రమ్ములో నీళ్లలో వేసి, బుడగలు ఆగేదాకా ఉంచి తీసే పని నాకు పడింది. ఎవరూ వేయలేదు, నేనే తీసుకున్నాను. రెండు రోజులకు నా గోళ్లు ఎర్రబడ్డాయి. మూడో రోజు ఐదో వరుస మళ్లీ మొదలైంది. గుండు దారం పట్టుకునే పని పెద్దమేస్త్రీ నాకే ఇచ్చాడు.

గుండు ఊగింది. “ఊగుతది అని తిట్టినవంట గదా” అన్నాడు పక్కన కుర్చీలో కూర్చుని. “ఊగుడు ఆగేదాంక మనం ఆగాలె బిడ్డా, గంతే. దానికేం తొందర లేదు.”

ఆగాను. కాసేపటికి అది ఆగింది. దారానికీ గోడకూ మధ్య సన్నటి వెలుగు, పై నుంచి కిందిదాకా ఒకే మందం. సరేసార్ తాపీ చప్పుడు తప్ప మేడమీద ఇంకేం వినిపించలేదు. మాలు పరిచిన చప్పుడు, ఇటుక కూర్చున్న చప్పుడు, మిగిలిన మాలు గీకిన చప్పుడు. ఆ మూడూ అదే వరుసలో, అదే వ్యవధిలో. టైము రాసుకుందామని పుస్తకం తీసి, రాయకుండానే చూస్తూ ఉండిపోయాను. ఐదు రోజుల్లో గోడలు మళ్లీ లేచాయి. మామ పైనా కిందా కొలిచి, టేపు జేబులో పెట్టుకుని, రేకులు తెమ్మని ఫోన్ చేశాడు.

టీచరమ్మ లోపలి గోడలకు ప్లాస్టరింగ్ వద్దంది. “ఇంత శ్రద్ధగా పేర్చినదాన్ని దాచేస్తామా?” అని ఇటుకలు అలాగే కనబడేలా ఉంచేసింది. ప్రార్థన నాడు పాస్టరుగారు ఇంటిని కట్టిన చేతులను దీవించమని అడిగారు. సరేసార్ తన చేతులు వెనక్కి దాచుకున్నాడు. నేనూ దాచుకున్నాను, నా కారణం వేరు. కాప్రా ఇల్లు అతనే కట్టాడు. ఇప్పటికీ ‘సరే సార్’ అనే అంటాడు. కాకపోతే “గుండు చూసినంక” అని ముందు చేరుస్తాడు.

ఇప్పుడు నేను లేజర్ పరికరాలు వాడే పెద్ద సైటులో పని చేస్తున్నాను. మొన్న నేరేడ్‌మెట్ మీదుగా పోతూ టీచరమ్మను చూసొద్దామని ఆగాను. మేడమీద ట్యూషన్ నడుస్తోంది. పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. ఆవిడ టీ తెచ్చేలోగా నేను ఊరుకోలేక, గోడ పక్కన వంగి, కళ్లు మూసుకుని, అరచేయి అడుగు నుంచి పైకి నిమురుతూ లేచాను. వెనక కిసుక్కుమని నవ్వులు.

“టీచర్, ఈ అంకుల్ ఏం చేస్తున్నడు?”

“ఆయన తప్పు ఆయన వెతుక్కుంటున్నాడర్రా, మీరు లెక్క చూసుకోండి” అంది ఆవిడ గుమ్మంలోంచి. “దొరికిందా బాబూ?”

ఇంకోసారి నిమిరి చూశాను. నాలుగో వరుస ఎక్కడ అయిపోయిందో, ఐదోది ఎక్కడ మొదలైందో నా చేతికి తెలియనే లేదు.

“లేదు టీచర్” అన్నాను. అంత సంతోషంగా నేను ఏ పరీక్షలోనూ ఫెయిలవలేదు.