బావ అని రాసిన ట్యూబులు

కవ్వమక్కకి ఆ పేరు పెట్టింది నేనే. ఎముకల డాక్టరుగారి క్లినిక్‌లో ఆవిడది వెనక గది, నాది దాని పక్కది. ఆవిడ రక్తం తిప్పేది, నేను జనం చేతులూ కాళ్ళూ తిప్పిస్తాను. ఫిజియోథెరపీ అనడానికి నోరు తిరగనివాళ్ళు నన్ను ఎక్సర్‌సైజమ్మ అనేవారు. నా ఒక్కదానికే ఎందుకీ ఖర్మ అని ఆవిడకీ ఒక పేరు తగిలించాను. మజ్జిగ చిలికి వెన్న తీసినట్టు రక్తాన్ని తిప్పి ప్లాస్మా తీస్తుంది కాబట్టి కవ్వమక్క. ఆవిడ ఏమీ అనుకోలేదు సరికదా, ఫోనెత్తితే "కవ్వాన్ని మాట్లాడుతున్నా" అనేది. పందొమ్మిదేళ్ళు ఆ గదిలో పనిచేసింది. ఇప్పుడు చెయ్యడం లేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. బయట తిరుగుతున్న కథలో సగం డాక్టరుగారు వండింది.

ఆ గదికి కిటికీ లేదు. ఒక ఫ్రిజ్జు, ఒక సింకు, నడుము ఎత్తు బల్ల, బల్ల మీద రక్తం తిప్పే మిషను. దాని లోపల ఎదురెదురుగా గుంటలుంటాయి. ఒక గుంటలో ట్యూబు పెడితే ఎదుటి గుంటలోనూ అంతే బరువు ఉండాలి. రెండో మనిషి రక్తం లేకపోతే నీళ్ళు నింపిన ట్యూబు పెడుతుంది అక్క. బరువు తేడా వస్తే మిషను పూనకం వచ్చినట్టు ఊగుతుంది. అది తిరుగుతున్నంతసేపూ నా గది గోడ కూడా సన్నగా వణికేది. ఆ చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా అక్క మాట్లాడుతున్నది ఆపేసి తల తిప్పి చూసేది.

సూది పట్టుకుంటే ఎంత సన్నటి నరమైనా ఆవిడ దగ్గర దాక్కోలేదు. తన చేతికి సూది అంటే మాత్రం హడలు. ఆవిడ భర్తకి తాళాలు బాగుచేసే దుకాణం ఉంది, ఈ మాట చెప్పి నవ్వేవాడు. "అందరినీ పొడుస్తుందండీ. తనకి టీకా వెయ్యాలంటే నేను దుకాణం మూసి వచ్చి చెయ్యి పట్టుకోవాలి."

మోచేతులూ మోకాళ్ళూ అరిగి వచ్చేవాళ్ళకి డాక్టరుగారు రెండు ముక్కల్లో చెప్పి వదిలేసేవారు. అర్థమయ్యేలా చెప్పేది అక్కే. చేతి నుంచి రక్తం తీస్తూ, వాళ్ళు సూది వైపు చూడకుండా కబుర్లలో పెట్టేది. "మీ రక్తం మీకే ఎక్కిస్తామండీ, భయపడకండి. ఇందులో ప్లేట్‌లెట్లని చిన్న చిన్న కణాలుంటాయి. దెబ్బ తగిలినచోటికి ముందు పరిగెత్తేవి అవే. రక్తం ఆపుతాయి, తర్వాత వాటిలో ఉన్న సరుకు బయటికి వదుల్తాయి. ఆ సరుకే బాగుచేసే కణాలకి కబురు. కండని ఎముకకి కట్టే పట్టీ ఉంటుంది చూశారూ, దానికి రక్తం వెళ్ళేదే తక్కువ. అక్కడ చిరిగితే కబురు చేరదు, ఎవరూ రారు. అందుకే మేం ట్యూబుని తిప్పుతాం. ఎర్రదంతా అడుగుకి పోతుంది, పైన పసుపు నీళ్ళు మిగుల్తాయి. ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న భాగం పీల్చి మీ నొప్పి ఉన్నచోట పెడతాం."

అంతటితో వదిలేది కాదు. రెండు మూడు రోజులు నొప్పి ముందుకంటే ఎక్కువవుతుందని చెప్పేది. ఆ వాపే లోపల జరిగే పని కాబట్టి డాక్టరుని అడగకుండా నొప్పి మాత్ర మింగొద్దనేది. "అందరికీ పనిచెయ్యదు, అదీ వినండి. పనిచేసినా వారాలు పడుతుంది" అనేది. ఆ చివరి మాట చెప్పొద్దని డాక్టరుగారు చాలాసార్లు కసిరారు. అక్క ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది.

ఇక చీటీల సంగతి. చాలా ఏళ్ళ కిందట ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు ఒకే రోజు వచ్చారట. ట్యూబులు తారుమారు కాబోయి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఆ రోజు నుంచి అక్కకి పేర్ల మీద నమ్మకం పోయింది. "పేరు పదిమందికి ఉంటుంది, చుట్టరికం ఎవరిది వాళ్ళకే ఉంటుంది" అని ఒక రూలు పెట్టింది. ముందుగదిలో చీటీలు రాసే పెద్దాయన రోగితో వచ్చిన మనిషిని "ఈయన మీకేమవుతారు?" అని అడుగుతాడు. వాళ్ళు చెప్పింది చీటీ మీద రాస్తాడు. తాతయ్య, పెద్ద వదిన, రెండో మామయ్య. ఆ చీటీ ట్యూబుకి అంటిస్తారు. తర్వాత అదే పిలుపుతో పిలిస్తే రోగి కంటే ముందు వెంట వచ్చినవాళ్ళు లేచి నిలబడతారు. ఇది బాగానే నడిచింది. ఎంత బాగా నడిచిందంటే రిజిస్టరులో ఉన్న నంబరు ట్యూబు మీద వెయ్యాలన్న సంగతి అందరం మర్చిపోయాం. నన్ను కూడా కలుపుకునే చెప్తున్నాను, నేనూ రోజూ చూసినదాన్నే.

ఆ రోజు పొద్దున ఇద్దరు మగవాళ్ళు కలిసి వచ్చారు. ఒకాయన వడ్రంగి. ఇరవై ఏళ్ళు చిత్రిక పట్టి కుడి మోచెయ్యి పాడైంది, టీ గ్లాసు ఎత్తినా చెయ్యి వణుకుతోంది. రెండో ఆయన బస్సు డ్రైవరు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మడమ వెనక పట్టీ వాచింది. ఒకరి చెల్లెల్ని ఒకరు చేసుకున్నారు. అందుకని ఒకరికొకరు బావలు. "మా బావకి చెయ్యి లేదు, నాకు కాలు లేదు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మంచి మనిషి వస్తాడు" అని డ్రైవరు ముందుగదిలో అందర్నీ నవ్వించాడు. నేనూ నవ్వాను.

పెద్దాయన రూలు తప్పలేదు. వడ్రంగిని చూపించి డ్రైవరుని అడిగాడు, బావ అన్నాడు. డ్రైవరుని చూపించి వడ్రంగిని అడిగాడు, బావ అన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి రెండు చీటీలు రాశాడు. మధ్యలో ఫోను వచ్చింది. తను ఒకే మాట రెండుసార్లు రాశానని ఆయనకి తట్టలేదు.

వడ్రంగి రక్తం అక్క తీసి ట్యూబు స్టాండులో పెట్టింది. డ్రైవరు ఎక్స్‌రే గదిలో ఉంటే నర్సు అక్కడే ఆయన రక్తం తీసి, తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అక్క మూతలు పట్టుకుని రెండిటినీ ఎత్తి ఎదురెదురు గుంటల్లో దించింది. బరువు సరిగ్గా సరిపోయింది, నీళ్ళ ట్యూబుతో పని పడలేదు. మిషను అంత నున్నగా తిరగడం ఈ మధ్య వినలేదని అక్క నాతో అన్నది కూడా.

తిరగడం అయ్యాక మొదట చేతికొచ్చిన ట్యూబు తీసింది. ప్లాస్మా సిరంజిలోకి పీల్చి, సిరంజి మీద బావ అని రాసి ట్రేలో పెట్టింది. రెండు చుక్కలు పరీక్ష కార్డు మీద వేసింది. హెపటైటిస్ బి ఉందో లేదో చూపించే కార్డు అది, పావుగంట పడుతుంది. కార్డు చూశాకే సూది వెయ్యాలన్నది పద్ధతి. ఇంతలో నర్సు వచ్చింది.

"అక్కా, బావగారి సిరంజి ఇవ్వమంటున్నారు. వడ్రంగిని బల్ల మీద పడుకోబెట్టేశారు."

"కార్డు ఇంకా కాలేదమ్మా."

హాలు అవతల నుంచి డాక్టరుగారి గొంతు వచ్చింది. "ఎవరి రక్తం వాళ్ళకే కదా, కార్డుతో ఏం పని? త్వరగా పంపండి."

నర్సు ట్రే పట్టుకుపోయింది. నేను దూది కోసం అక్క గదిలోకి వెళ్ళింది అప్పుడే. అక్క రెండో ట్యూబు తీసి, చీటీ చదివి, సిరంజి మీద రాయబోయింది. పెన్ను మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. మొదటి ట్యూబు పైకెత్తి చూసింది. మళ్ళీ రెండోది చూసింది. తర్వాత పరుగెత్తింది. పందొమ్మిదేళ్ళలో ఆవిడ పరుగెత్తడం ఎవరూ చూడలేదు. వెనకాలే నేనూ వెళ్ళాను. మేం తలుపు తీసేసరికి డాక్టరుగారు వడ్రంగి మోచేతి మీద దూది అదుముతున్నారు. సిరంజి ఖాళీగా ఉంది.

తిరిగి వచ్చి చూస్తే కార్డు మీద రెండో గీత తేలుతోంది.

రెండో గీత వస్తే వైరస్ ఉన్నట్టని నాకూ తెలుసు. ఆ రక్తం వడ్రంగిదే అయితే కొత్తగా వచ్చిన నష్టం లేదు, ఆయనది ఆయనకే వెళ్ళింది. డ్రైవరుదైతే, లివర్‌ని తినే వైరస్‌ని మేమే సూదితో తీసుకెళ్ళి ఒక ఆరోగ్యవంతుడి చేతిలో పెట్టాం. తేల్చుకోవడానికి ఒకటే దారి కనిపించింది. రిజిస్టరులో వడ్రంగి బ్లడ్ గ్రూపు బి అని ఉంది. అక్క మొదటి ట్యూబు అడుగున మిగిలిన ఎర్ర రక్తం రెండు చుక్కలు గాజు పలక మీద వేసి గ్రూపు చూసే మందులు కలిపింది. బి అయితే ఒక చుక్క విరిగిన పాలలా గడ్డకట్టాలి. నేను మనసులో విరుగు, విరుగు అంటున్నాను. అక్క పలకని అటూ ఇటూ వంచుతూ నిలబడింది. రెండు చుక్కలూ నున్నగా జారాయి. ఓ గ్రూపు. అది వడ్రంగి రక్తం కాదు.

డాక్టరుగారు వచ్చి తలుపు దగ్గరగా వేశారు. అంతా విన్నారు.

"ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. రేపు ఏదైనా వచ్చినా ఎవరి నుంచి వచ్చిందో ఎవడికి తెలుస్తుంది? నోరు మూసుకుని ఆ ట్యూబులు పారెయ్యి" అన్నారు.

"ఒక్క రోజులోపల యాంటీబాడీ ఇంజెక్షను, టీకా వేస్తే చాలావరకు ఆగుతుంది సార్. చెప్పకపోతే ఆ టైము పోతుంది."

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది. నా బోర్డూ పోతుంది. చీటీల రూలు ఎవరిదో మర్చిపోకు."

"నాదే సార్" అంది అక్క.

ఆ మనిషి మీద నాకు ఎప్పుడూ గౌరవం ఎక్కువ లేదు. ఆ రోజుతో ఉన్నదీ పోయింది. అయినా నిజం ఒప్పుకోవాలి, నేను నోరెత్తలేదు. నా ఉద్యోగం కూడా నాకు కళ్ళ ముందు కనిపించింది.

అక్క ముందు డ్రైవరుని నా గదిలోకి పిలిచింది. అది ఆయన రోగం, ఆయనకే ముందు చెప్పాలి అంది. నన్ను పక్కన ఉండమంది. రెండో గీత సంగతి చెప్పగానే ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన నేల చూశాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "రెండేళ్ళయింది. నాది నాకే ఎక్కిస్తారన్నారు కదా, ఎవరికి నష్టంలే అనుకున్నా."

"మీ రక్తం మీ బావగారికి వెళ్ళిందండీ. పొరపాటు మాది. ఇప్పుడాయనకి చెప్పాలి."

"చెప్పకండి. మా ఆవిడకి కూడా తెలీదు. వాళ్ళింట్లో తెలిస్తే నేను బతికి లాభం లేదు."

"బతకడానికి మందులున్నాయి, మీకూ ఆయనకీ. మీరు పక్కనుండండి, నేనే చెప్తాను."

తలూపాడు. మొహం కడుక్కుని వస్తానని కుంటుకుంటూ వెళ్ళాడు. పది నిమిషాలు చూశాం. వెనక తలుపు తీసి ఉంది, మనిషి లేడు.

వడ్రంగి బల్ల మీద కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "మా బావ ఏడండీ? వాడికి సూదంటే భయమా ఏంటి?" అన్నాడు. అక్క ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని, దాచకుండా చెప్పింది. మీకు వెళ్ళింది మీ రక్తం కాదు, మీ బావగారిది, చీటీలో పొరపాటు జరిగింది అంది. ఆయన తేలిగ్గా నవ్వాడు.

"బావదైతే ఏముందమ్మా, పరాయివాడా?"

అప్పుడు వైరస్ సంగతి చెప్పింది. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలని, తనూ వెంట వస్తానని, ఆరు నెలలు పరీక్షలు చేయిస్తూ ఉండాలని చెప్పింది. ఆయన తిడతాడని, కొడతాడని కూడా నేను కాచుకుని ఉన్నాను. ఆయన తన మోచేతిని చూసుకోనేలేదు.

"మరి మా చెల్లెలికి?" అన్నాడు. "దానికిప్పుడు ఎనిమిదో నెల."

ఆ వైరస్ భర్త నుంచి భార్యకీ, కాన్పులో బిడ్డకీ సోకుతుంది. పొద్దుట్నుంచీ మేం రెండు ట్యూబుల గురించే ఆలోచించాం. ఆమె ఒకతె ఉందని మాలో ఎవరికీ తట్టనేలేదు.

కుడి చెయ్యి లేవడం లేదు కాబట్టి ఆయన ఫోను బల్ల మీద పెట్టి, ఎడమ వేలితో నొక్కి స్పీకరు పెట్టాడు. రెండో రింగుకే ఎత్తింది.

"అన్నయ్యా, చెయ్యి ఎలా ఉంది? మీ బావ ఇప్పుడే ఫోన్ చేశాడు. ఇద్దరికీ బాగా అయిందట కదా. డ్యూటీకి పిలిచారు, రెండు రోజులు రానన్నాడు."

ఆయన ఫోనుని అక్క వైపు జరిపాడు.

"అన్నయ్యా, ఉన్నావా? ఏమైంది?"

అక్క ఫోను మీదికి వంగింది. "అమ్మా, నేను ఇక్కడ రక్తం తీసేదాన్ని. నా వల్ల ఒక తప్పు జరిగింది. నువ్వు ముందు కూర్చో, మొత్తం అయ్యేదాకా ఫోను పెట్టెయ్యకు" అంది.