నీడలో ఎండే ద్రాక్ష

పుంగనూరు దగ్గర బస్సు చెడిపోతే, రోడ్డుపక్క ఇంటి వసారాలో కూర్చున్నాను. ఇంటామె నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. పక్కనే నీడలో, మంచం మీద పరిచిన తెల్లగుడ్డపై ద్రాక్షపళ్లు ఆరబోసి ఉన్నాయి. సాయం చేద్దామని మంచాన్ని ఎండలోకి లాగాను.

“యాల లాగినావప్పా? ఎండకు నల్లబడతాయి. నీడలో గాలికే ఎండాల!” అంటూ ఆమె పరుగున వచ్చింది.

ఇద్దరం మంచాన్ని వెనక్కి జరిపాం. “కిస్‌మిస్ పాయసంలోకా అమ్మా?” అన్నాను.

“కాదప్పా, మా చర్చిలో ప్రభువు బల్లకు. రొట్టెతో పాటు ఇచ్చే రసం వీటిని నానబెట్టి, ఉడకేసి తీస్తాము.”

“మళ్లీ రసమే చేసేటప్పుడు ఎండబెట్టడం ఎందుకు?”

“పండు రెండు నెలలే దొరకతాది. బల్ల నెలనెలా ఉంటాది కదా!”

ఒక పండు నోట్లో వేసుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె నవ్వింది.

“తినప్పా. ప్రార్థన చేసేదాకా అది ఉత్త ద్రాక్షే.”